పదో తరగతి మార్కుల దగ్గర ఆగిన స్వరూప

2011. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ హెచ్‌ఆర్ విభాగంలో నాకది ఆరో ఏడు. కొత్తవాళ్ళను ఎంపిక చేయడం నా పని. ప్రత్యేక తెలంగాణ కోసం సమ్మె జరుగుతోంది, బస్సుల్లేవు. స్వరూప అనే అమ్మాయి శేరిలింగంపల్లి నుంచి నడిచి వచ్చి రాత పరీక్ష రాసింది. నలభై మందిలో రెండో స్థానం తెచ్చుకుంది.

సర్టిఫికెట్లు చూసేటప్పుడు చిక్కు వచ్చింది. మా కటాఫ్ ప్రకారం పదో తరగతి నుంచి ఇంజనీరింగ్ దాకా ఎక్కడా అరవై శాతానికి తగ్గకూడదు. ఆమెకు పదిలో యాభై నాలుగే.

“పదిలో ఎందుకు తగ్గాయమ్మా?” అని అడిగాను.

“మాది పాలమూరు దిక్కు సర్కారు బడి మేడమ్. రెండేండ్లు లెక్కల సారే లేడు. గైడు చూసి మేమే చేసుకున్నం. రిజర్వేషన్ల ఇంజనీరింగ్ సీటొచ్చింది. ఆడ అందరు సార్లున్నరు. గందుకే మంచిగ చదివిన.”

ఫైలు తీసుకుని మేనేజరు శ్రీధర్ గారి గదికి వెళ్ళాను.

“రూల్ రూలే కదండి. కాలేజీలో కోటా ఇచ్చారు, ఇక్కడ కూడా కావాలంటే ఎలా?” అన్నారాయన. పక్కనున్న ఇద్దరు నవ్వారు.

అలాంటి మాటలు ఆరేళ్ళుగా వింటున్నాను. ప్రతిసారీ తల దించుకుని ఊరుకునేదాన్ని. ఆ రోజు ఊరుకోలేకపోయాను.

“నేనూ ఎస్సీ కోటాలోనే చదివానండి. ఆ సీటు రాకపోతే ఒంగోల్లో మా అమ్మతో పాటు పొగాకు గ్రేడింగ్ కూలికి వెళ్తుండేదాన్ని. ఇక్కడ కోటా అడగట్లేదు. మనం అందరికీ ఒకే పరీక్ష పెట్టాం, ఆమె నెగ్గింది. లెక్కల సారు లేకపోవడం ఆమె తప్పా?”

ఆయన ఫైలు తీసుకుని రాత పరీక్ష మార్కులు మళ్ళీ చూశారు. “సరే, ఇంటర్వ్యూ చేద్దాం,” అన్నారు. స్వరూప ఎంపికైంది.

నా సంగతి ఆఫీసంతా పాకింది. రోజూ నాతో భోంచేసే లావణ్య, “ఇన్నాళ్ళూ చెప్పలేదేం?” అని మాత్రం అడిగింది. మర్నాటి నుంచి వేరేవాళ్ళతో వెళ్ళడం మొదలుపెట్టింది. నేను కూర్చుంటే బల్ల దగ్గర మాటలు ఆగిపోయేవి. కొన్నాళ్ళకు నేనే దూరంగా ఒక్కదాన్నే తినడం అలవాటు చేసుకున్నాను.

స్వరూప చేరిన వారానికి క్యాంటీన్‌లో నా దగ్గరకొచ్చింది. కూర్చోలేదు.

“మీరు నా కోసం కొట్లాడిన్రని తెలుసు మేడమ్. మీ పక్కన కూసుంటే నన్ను గూడ కోటా పిల్ల అంటరు. జర ఏమనుకోకుండ్రి.”

“ఏమనుకోనమ్మా. వెళ్ళి తిను,” అన్నాను. కోటా సంగతి బయటపడకుండా ఆరేళ్ళు నేను చేసిందీ అదే. అయినా ఆ పూట డబ్బా సగంలోనే మూసేసి లేచాను.

రిజర్వేషన్లు ఎందుకని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. స్వరూప గురించి చెబుతాను. ఆమెకు తెలివి ఎవరూ ఇవ్వలేదు. సార్లున్న కాలేజీలో చోటిచ్చారు, అంతే. అయితే ఈ అనుభవం నాకు నేర్పింది వేరే ఉంది. అంతకుముందు ఆరేళ్ళలో అరవై దాటని ఫైళ్ళన్నీ నా చేతులతోనే పక్కన పెట్టాను. మార్కులు ఎందుకు తగ్గాయని వాళ్ళలో ఒక్కరినీ అడగలేదు.