సమాధి లేని రాజు, మా ప్రిస్సిల్లా

మా అక్క కూతురు ప్రిస్సిల్లా యూనివర్సిటీలో ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే నాకు తల తీసేసినట్టు ఉండేది. మేం వలసొచ్చి స్థిరపడ్డ ఈ టూంగాబీలో మన పిల్లలందరూ నర్సింగో, ఐటీయో చదువుకుని బుద్ధిగా ఉద్యోగాల్లో చేరుతుంటే, ఇది ఇంగ్లండు పక్కన వేల్స్ అనే చిన్న దేశపు వందల ఏళ్ళ కిందటి పద్యాలు పట్టుకు కూర్చుంది. ఆ పద్యాల్లో ఆర్థర్ అని ఒక రాజు. అవి కూడు పెడతాయటే అని దెప్పితే, "పెట్టవు పిన్నీ, బట్ ఐ లైక్ దెమ్," అని నవ్వేసేది. మొండిఘటం. వాళ్ళమ్మ పోలికే.

ఒక్క సంగతి మాత్రం నాకు నచ్చేది. ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే ఇంగ్లీషే. ఇదేమో యూనిలో చదివిన పద్యమల్లా ఇంటికి మోసుకొచ్చి, వంటింటి గట్టెక్కి కూర్చుని, వచ్చీరాని తెలుగులో వాళ్ళమ్మకి చెప్పేది. మా అమృతం అక్క ఉల్లిపాయలు తరుగుతూ వినేది. సినిమాల్లో చూపించే రాజు కాదట ఈయన. ఒక పద్యంలో ఎవరిదో కోట గుమ్మం బయట నిలబడతాడట. కాపలావాడు లోపలికి రానివ్వకుండా నీ వెంట ఎవరున్నారని అడిగితే, తనవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చెప్పుకుంటాడట. వాళ్ళలో కొందరు అప్పటికే పోయినవాళ్ళు. పాపం, రాజయ్యుండీ గుమ్మంలో నిలబడ్డాడా అని అక్క జాలిపడేది. సరిగ్గా అప్పుడే డేనీ వచ్చి కూరేంటమ్మా అని గిన్నె మూత తీసేవాడు.

డేనీ ప్రిస్సిల్లాకి అన్న. ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. చేపలు పట్టే పిచ్చి ఒకటి. మా నరసాపురం రక్తం ఎక్కడికి పోతుంది? ఒక శనివారం ఆర్వో, ఇక్కడి భాషలో మధ్యాహ్నం పూట, స్నేహితులతో కలిసి సముద్రం పక్క రాళ్ళ మీదికి గాలం పట్టుకుని వెళ్ళాడు. అల వచ్చి కొట్టింది. మిగతావాళ్ళు పాక్కుంటూ పైకొచ్చారు, వీడు రాలేదు. హెలికాప్టర్లు తిరిగాయి, పడవలు తిరిగాయి. కాలి చెప్పు కూడా దొరకలేదు. కొన్నాళ్ళకి వెతకడం ఆపేశారు. నా బంగారు తండ్రి. ఎత్తుకు పెంచిన చేతులివి.

మా బావగారు ఎలియాజర్ రైలు నడుపుతారు, మాట తక్కువ మనిషి. శ్మశానంలో వాడి పేరుతో చిన్న రాయైనా పెడదామన్నారు. ఈస్టరు తెల్లవారుజామున మనవాళ్ళు సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. మా చర్చి అయ్యగారు ఆ ఏడాది పోయినవాళ్ళ పేర్లు చదివి ప్రార్థన చేస్తారు. ఆ పేర్లలో వాడి పేరూ చదివిద్దామన్నారు. అక్క ససేమిరా అంది. పేరు చదివారంటే నా కొడుకు లేడని సంఘమంతా ఒప్పుకున్నట్టేనంది. రోజూ వాడికి కంచం పెట్టేది. ఆ ఖాళీ కంచం ఎదురుగా కూర్చుని తినలేక బావగారు పస్తుతోనే డ్యూటీకి పోయేవారు.

ఆ రోజుల్లోనే ప్రిస్సిల్లా ఇంకో పద్యం చెప్పింది. వీరుల సమాధులు ఎక్కడెక్కడున్నాయో చెప్పే పద్యమట అది. ఒకడిది ఏటి ఒడ్డున, ఒకడిది కొండ కింద. ఆర్థర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఆయన సమాధి ఎక్కడో లోకంలో ఎవరికీ తెలియదట. పిల్ల ఎందుకు చెప్పింది? మన ఒక్కళ్ళకే కాదమ్మా, అంతటి రాజుకీ ఇంతే అయిందని ఓదార్చడానికి. కానీ మా అక్క ఎవరు? ఏళ్ళ తరబడి సండేస్కూలు పిల్లలకి ప్రభువు ఖాళీ సమాధి పాఠం చెప్పిన మనిషి. చాకు కింద పెట్టి, "సమాధి లేదంటే లేచాడనేగా," అంది. డేనీ పోయినప్పటి నుంచీ అక్క మొహంలో మొదటిసారి కళ కనపడింది. ఆ కళ చూసి పిల్ల అవుననలేదు, కాదనలేదు.

ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయంలో అక్క లేచి నిలబడింది. ఒక దేశంలో ఒక రాజుకి సమాధి లేదు, ఆయనా వస్తాడు, నా డేనీ కూడా వస్తాడు అని సంఘానికి చెప్పింది. ఆమేన్ అనాలో వద్దో తెలియక అందరూ తలలు దించుకున్నారు. బావగారు బయటికెళ్ళిపోయారు. నేనూ ప్రిస్సిల్లా వెనకాలే వెళ్తే, కార్లో స్టీరింగు మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నారు.

మర్నాడు పిల్ల యూనిలో వాళ్ళ పంతులమ్మని అడిగిందట. వేల్స్ నుంచి వచ్చిన పెద్దావిడ. రాజు తిరిగొస్తాడన్నది తర్వాతివాళ్ళ మాట, ఆ పాత పద్యం అంతదాకా పోదు, సమాధి తెలియదని మాత్రమే చెప్పి ఊరుకుంటుంది అందట ఆవిడ. ప్రిస్సిల్లా సరాసరి నా దగ్గరికొచ్చి, అమ్మకి చెప్పేస్తానంది. నాకు ఒళ్ళు మండింది. ఆ ఒక్క ఆశ పట్టుకుని బతుకుతోంది మీ అమ్మ, చచ్చిన రాజుల గొడవ మనకెందుకు, నోరు మూసుకోమని కసిరాను.

"ఆ ఆశ పెట్టింది నేనే పిన్నీ," అంది. "నాన్న కొడుకు కోసం ఏడవడానిక్కూడా కార్లో దాక్కుంటున్నారు."

చెప్పులేసుకుని దాని వెంట బయల్దేరాను.

అదే వంటింట్లో, అదే గట్టెక్కి కూర్చుని చెప్పింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. అక్క తరగడం ఆపలేదు. అంతా విని, ఉల్లిపాయలన్నీ అయిపోయాక అడిగింది.

"మరి ఆ రాజు తల్లి ఎక్కడికెళ్ళి ఏడ్చిందే?"

"పద్యంలో అమ్మ లేదమ్మా."

ఆ పూట డేనీకి కంచం పెట్టలేదు.

ఈస్టరు నాడు చీకటితోనే శ్మశానానికి వెళ్ళాం. చలిగా ఉంది. అయ్యగారు పేర్లు చదివి పుస్తకం మూయబోతుంటే తెల్లచీరలో అక్క ముందుకొచ్చి, "అయ్యగారూ, మా వాడి పేరు కూడా చదవండి," అంది. ఆయన చదివారు. బావగారు పైకే ఏడ్చారు.

తర్వాత ఎవరి సమాధి దగ్గరికి వాళ్ళు కొవ్వొత్తులతో వెళ్ళిపోయారు. అక్క వెలుగుతున్న కొవ్వొత్తి పట్టుకుని దారి మధ్యలో ఆగిపోయింది. ఇటు చూసింది, అటు చూసింది.

"ఇదెక్కడ పెట్టనే, ప్రిస్సీ?"

ప్రిస్సిల్లా వాళ్ళమ్మ ముందు దోసిలి పట్టింది. అక్క ఆ దోసిట్లో కొవ్వొత్తి నిలబెట్టింది. మైనం కారి పిల్ల చేతుల మీద పడుతోంది. అయినా కొవ్వొత్తి అయిపోయేదాకా దోసిలి విప్పలేదు.