గేటు ముందర పచ్చిక

ప్రొద్దుటూరులో మేము బాడుగకున్న ఇంటి యజమాని కువైట్‌లో పనిచేసేవాడు. ఇల్లు ఇచ్చేటప్పుడు ఆయన పెట్టిన షరతు ఒక్కటే: గేటు ముందరున్న పచ్చిక ఎండకూడదు. మా అత్తకు మోకాళ్ల నొప్పులు. మెట్లు లేని ఇల్లు ఇంకొకటి దొరకలేదు. సరేనన్నాను.

ప్రతి శుక్రవారం నమాజు అయినాక ఆయన వీడియో కాల్ చేసేవాడు. "గడ్డి సూపించమ్మా" అనేవాడు. ఫోను పట్టుకుని ఆ మూల నుంచి ఈ మూలకు నడిచేదాన్ని. మొదట్లో సరదాగానే ఉండేది. పోనుపోను గురువారం నుంచే ఎండిన పోచలు ఒక్కొక్కటే ఏరేదాన్ని.

పని కూడా ఆయనే ఫోనులో నేర్పాడు. ఎండాకాలం తెల్లవారుతూనే నీళ్లు పట్టాలి. సాయంత్రం పడితే తడి ఆరక తెగులు వస్తుంది. వానలు మొదలైతే వారానికోసారి కత్తిరించాలి, మరీ పొట్టిగా కాదు. తుంగను గడ్డతో సహా పెరకాలి, పైపైన తెంపితే ఒకటికి నాలుగు లేస్తాయి. చలికాలం నీళ్లు తగ్గించాలి. చలి పోతూనే జల్లెడ పట్టిన ఎర్రమట్టి, బాగా మాగిన గొర్రెల ఎరువు కలిపి పలచగా చల్లాలి. ఏ కాలం చూసినా నేను ఊరు దాటే కాలం మాత్రం లేదు.

ఆ మే నెలలో పులివెందులలో మా చెల్లెలికి కాన్పు. మాకు అమ్మ లేదు.

"ఎప్పుడొస్తాండావు అక్కా?" అని అడిగింది.

"గడ్డికి నీళ్లు పట్టేదెవరే?" అన్నాను.

"నాకంటే గడ్డి ఎక్కువైందా?" అని ఫోను పెట్టేసింది.

అత్త వింటానే ఉంది. "పో తల్లీ. ఆయప్ప ఏమన్నా అంటే నేను మాట్లాడతా" అంది. నీళ్లు నేను పడతాలే అన్నాడు మా ఆయన. ఆ శుక్రవారం కాల్ అయినాక బయలుదేరి, ఆరు రోజులుండి వచ్చాను. ముద్దనూరులో పొద్దున డ్యూటీ పడి మా ఆయన పట్టనే లేదు. పచ్చికంతా గోనెపట్ట రంగుకు తిరిగింది. మరుసటి రోజే శుక్రవారం.

ఫోనులో యజమానికి ఆ మూల నుంచి ఈ మూల దాకా చూపించాను.

"తప్పు నాదే అన్నా. చెల్లెలి కాన్పుకు పోయింటి" అన్నాను.

"బిడ్డ బాగుందా?"

"బాగుంది."

"యాడన్నా ఒకచోట కొంచెం తవ్వి సూడు."

గరిటెతో తవ్వాను. లోపల వేర్లు తెల్లగా ఉన్నాయి.

"సావలేదులేమ్మా. కత్తిరించొద్దు, ఎరువేయొద్దు. వేరు దాకా తడిసేట్టు పట్టు, రెండు దినాలు ఇడిచి మళ్లీ పట్టు" అన్నాడు. ఫోను పెట్టబోతూ ఆగి, "ఈడ మా రూముకు కిటికీ లేదు. వారంలో నేను సూసే పచ్చదనం అదొక్కటే" అన్నాడు.

తిట్టి ఉంటే ఇల్లు ఖాళీ చేసి పోయేదాన్నేమో. ఆ మాట విన్నాక ఎట్లా పోతాను?

మూడు వారాలకు పచ్చిక తేరుకుంది. తరువాతి ఎండాకాలం బిడ్డ మొదటి పుట్టినరోజుకు పొద్దున నీళ్లు పట్టి బస్సెక్కాను. చీకటి పడేలోగా తిరిగొచ్చాను. ఈసారి చెల్లెలు ఉండమని అడగలేదు. అన్నం వడ్డించి, బస్సు వేళ చెప్పింది.