పడమటి కిటికీ మెష్

పడమటి కిటికీకి మెష్ కొట్టించింది దోమల కోసం. పక్క ఖాళీ స్థలంలో బాబాయి నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే మిషను పెట్టాక, దానికి దోమలకన్నా రాతిపొడితోనే పనెక్కువైంది. బాబాయి అంటే మాకు చుట్టమేమీ కాదు. మాచర్లలో పక్కింటి పెద్దాయన ఎవరైనా బాబాయే. ఆ పిలుపే మా నోటికి తాళం వేసింది.

ఆ కిటికీ కిందే మా పాప మంచం. మిషను వచ్చిన ఏడాదే దానికి ఆయాసం మొదలైంది. నరసరావుపేటలో డాక్టరు గారు ఇన్‌హేలర్ రాసిచ్చి, దుమ్ము తగలనీయొద్దన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రోజూ పొడి బ్రష్షుతో మెష్ దులిపేదాన్ని. శివరాత్రికి ఇల్లు కడుగుతూ మా అత్తగారు దాని మీద బకెట్టుడు నీళ్లు కుమ్మరించారు. పండగంటే నీళ్లు పోయందే ఏదీ శుభ్రమైనట్టు కాదు ఆవిడకి. పొడి ముద్దై, ఎండకి గట్టిపడి, కన్నాలన్నీ పూడిపోయాయి. పుల్లతో గీకితే మెష్ చిరిగింది. ఆ చిరుగులోంచి దుమ్ము నేరుగా పాప మొహం మీదే పడేది.

కొత్త మెష్ వేయించినా మళ్లీ ఇదే గతి. అందుకే మా ఆయన్ని వెంటబెట్టుకుని బాబాయి దగ్గరికి వెళ్లాను.

"రాళ్ల అంచులు కొట్టేటప్పుడన్నా నీళ్లు పట్టించండి బాబాయ్, పొడి లేవకుండా ఉంటుంది. పిల్లకి ఊపిరాడట్లేదు."

"ఏందమ్మాయ్, ఊళ్లో దుమ్మంతా నా మిషన్‌దేనా? మెష్ చూడు, చానా మురికి పెట్టుకున్నారు. పిల్లకి దగ్గు రాక ఏమొస్తది?"

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయన మాత్రం తన చెప్పుల వంక చూసుకుంటూ, "సరే బాబాయ్" అన్నాడు. ఆ రోజు బాబాయి మీదకన్నా మా ఆయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

మర్నాడు ఇద్దరు పనివాళ్లు నున్నగా పాలిష్ పట్టిన బండొకటి మోసుకొచ్చారు. వెనకాలే బాబాయి.

"పాప నాకు మనవరాలే గదా, చూస్తా ఊరుకుంటానా? కిటికీ మూసేద్దాం, పీడా పోద్ది. బండా నాదే, కూలీ నాదే."

వీధంతా ఆయన మనసు ఎంత పెద్దదో చెప్పుకుంది. మా అత్తగారు మజ్జిగ కలిపిచ్చారు. సిమెంటు ఆరేదాకా బండని పట్టుకుని నిలబడింది మా ఆయనే. చిరిగిన మెష్‌ని నేనే చుట్టి చెత్తబండిలో వేశాను.

ఇప్పుడు ఆ గదిలో పగలు కూడా లైటు వేసుకోవాలి. దుమ్ము వీధి గుమ్మంలోంచి వస్తోంది. పాప ఆ బండకి వీపు ఆనించి పడుకుంటుంది, చల్లగా ఉందట. ఇన్‌హేలర్ తలగడ పక్కనే ఉంటుంది.

ఎదురుపడ్డప్పుడల్లా బాబాయి ఆగి, "పాపకెట్లుందమ్మాయ్?" అని అడుగుతాడు.

"బాగుంది బాబాయ్" అంటాను.