రేసు మిషను ముందు కిష్టయ్య

2011 జూన్‌లో నన్ను కామారెడ్డి బస్సు డిపోకు సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా బదిలీ చేశారు. పేరు పొడుగే గాని హోదా చిన్నది. డిపో మేనేజరుకు కింద, డ్రైవర్లకు పైన, ఇద్దరికీ కానివాణ్ణి. డ్రైవర్లకు విడతలవారీగా క్లాసులు చెప్పాలి. ప్రమాదం జరిగితే ఆ డ్రైవరును ఖాళీ బస్సులో తిప్పి చూసి, మళ్ళీ స్టీరింగ్ ఇవ్వవచ్చో లేదో రాసివ్వాలి. 'అన్‌ఫిట్' అని రాస్తే ఆ మనిషి మిగిలిన సర్వీసంతా గ్యారేజీలో బస్సులు కడగాల్సిందే.

ఆరు నెలలు తిరక్కుండానే కిష్టయ్య ఫైలు నా టేబుల్ మీదికి వచ్చింది. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్క మచ్చ లేని డ్రైవరు. ఎల్లారెడ్డి రూట్లో ఒక తండా పక్క మలుపులో, ఒక ముసలామె అతని బస్సు ఎడమ వెనక చక్రం కింద పడి చనిపోయింది. ఆమెను తాను చూడనేలేదని అతను వాంగ్మూలం ఇచ్చాడు. డ్రైవరు తప్పు లేదని విచారణలో తేల్చారు.

తప్పు లేదన్నారు గాని అతను బస్సు నడపలేకపోయాడు. ఊరికే బ్రేకు వేసేవాడు. ప్రమాదం మలుపులో జరిగింది కాబట్టి మలుపులంటే భయం పట్టుకుందని నేను డైరీలో గట్టిగా రాసుకున్నాను. మూడు వారాలు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా మలుపుల మీదే సాధన చేయించాను. లాభం లేకపోయింది. నెలాఖరుకు ఏదో ఒకటి తేల్చమని మేనేజరు చెప్పారు.

ఒకరోజు ఎల్లారెడ్డిలో చాయ్ కోసం ఆగాం. బస్టాండు పక్కన, దుబాయి నుంచి తిరిగొచ్చిన సత్తార్ అనే అతను కొత్తగా ఆటల దుకాణం పెట్టాడు. అందులో సీటు, స్టీరింగు, పెడళ్ళు ఉన్న పెద్ద మిషను కనిపించింది. "ఇరవై ఏండ్ల కిందటి కార్ల రేసు సార్. పట్నంల ఎవ్వలు ఆడుతలేరంటే కొనుక్కొచ్చిన," అన్నాడు సత్తార్. పట్నంలో పాతబడిపోయిన వస్తువును నేను అప్పుడే మొదటిసారి చూస్తున్నాను.

ముప్పై ఏళ్ళు బస్సు తోలినవాణ్ణి కదా, ముందు నేనే కూర్చున్నాను. తెర పైన గడియారం వెనక్కి నడుస్తుంటుంది. అది సున్నాకు చేరేలోగా తర్వాతి గేటు దాటితే మరికొంత సమయం ఇస్తుంది. నా కళ్ళు గడియారం మీదే ఉన్నాయి. లారీని గుద్దాను, స్తంభాన్ని గుద్దాను. గుద్దిన ప్రతిసారీ కారు పల్టీలు కొట్టి, తనంతట తానే లేచి నిలబడింది. "మీరేనా సార్ డ్రైవర్లకు నేర్పేది?" అని సత్తార్ నవ్వాడు.

తర్వాత కిష్టయ్య కూర్చున్నాడు. మలుపులన్నీ సునాయాసంగా తిప్పాడు, నేను నోరు వెళ్ళబెట్టాను. కానీ తిన్నని రోడ్డు మీద ఎడమ అంచున చెట్టో బోర్డో వస్తే చాలు, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేశాడు. కుడివైపు వస్తే తీయలేదు. నాలుగుసార్లు ఆడించాను, నాలుగుసార్లూ అంతే. ప్రతిసారీ సమయం అయిపోయింది. అతను గడియారం వంక చూడలేదు.

చివరిసారి కారు ఎడమవైపు బోర్డుకు తగిలి బోర్లాపడి, మామూలుగానే లేచింది. కిష్టయ్య స్టీరింగ్ వదిలేశాడు. "మల్ల లేసి నిలవడ్డది సార్," అని ఏడ్చాడు.

ఖాళీ బస్సులోకి తీసుకొచ్చి, ఎడమపక్క ఏం కనిపిస్తున్నదని అడిగాను.

"అవ్వ చెయ్యెత్తింది సార్. నేను సూసిన. బండి నిండున్నది, పావుగంట లేటున్నది. ఆపలే. అవ్వ బండెంబడి ఉరికింది. అద్దంల కనవడ్డది, మల్ల కనవడలే."

మా రూట్లలో జనం స్టేజీల దగ్గరే నిలబడరు. పొలం గట్టు మీద నుంచి చెయ్యెత్తినా డ్రైవరు ఆపుతాడు. పంతొమ్మిదేళ్ళు అలా ఆపినవాడు ఆరోజు ఎందుకు ఆపలేదని అడిగాను.

కిష్టయ్య తల వంచుకున్నాడు. "మీరే చెప్తిరి గద సార్, క్లాసుల. నిండిన బండి నడుమల ఆపొద్దు, టైము పోతదని."

చెప్పాను. బోర్డు మీద రాసి మరీ చెప్పాను.

ఇది రాస్తే విచారణ మళ్ళీ తెరుస్తారనీ, స్టీరింగ్ శాశ్వతంగా పోవచ్చనీ అతనికి వివరించాను. "రాయుండ్రి సార్. దాసిపెట్టుకోని నడుపుడు నాతోని అయితలేదు," అన్నాడు.

రెండు కాగితాలు రాశాను. ఒకదాంట్లో అతని మాట, రెండోదాంట్లో క్లాసులో నేను చెప్పిన మాట. మేనేజరు చదివి నా చేతికే తిరిగిచ్చి, రిటైర్‌మెంటు దగ్గర పెట్టుకుని రెండో కాగితం ఎందుకని అడిగారు. నాకు భయం వేసిన మాట నిజం. ఆ రాత్రంతా అది నా జేబులోనే ఉంది. మర్నాడు రెండూ ఇచ్చాను.

కిష్టయ్యను ఏడాదిపాటు స్టీరింగ్‌కు దూరం పెట్టారు. నాకు సంజాయిషీ అడుగుతూ చార్జి మెమో వచ్చింది. ఆర్డరు రాకముందే అతను తండాకు వెళ్ళి, ముసలామె కొడుకులకు జరిగింది చెప్పాడు. వాళ్ళేమన్నారో అతను చెప్పలేదు, నేను అడగలేదు. ఏడాది తర్వాత పరీక్షించి 'ఫిట్' అని రాశాను. ఎడమపక్క ఇంకా జాగ్రత్తగానే ఉన్నాడు, కానీ దారిలో ఎక్కడా తడబడలేదు.

ప్రమాదం జరిగిన చోటును బట్టి డ్రైవరు భయాన్ని లెక్కగట్టకూడదని ఈ కేసులో నేర్చుకున్నాను. రెండో సంగతి నా గురించి. 2014లో రిటైరయ్యేదాకా ప్రతి క్లాసులోనూ, నిండిన బండి ఆపవద్దని నేను చెప్పినందువల్ల ఒక మనిషి చనిపోయిందని ముందు చెప్పి, ఆ తర్వాతే పాఠం మొదలుపెట్టాను.