రైసీనా కొండ మీద డైరీ పఠనం

ఒక మనిషి తన పరువును సొంత చేతిరాతతో, పోలీసుల సమక్షంలో ఎలా పోగొట్టుకోవచ్చో తెలుసుకోవాలంటే ఈ నాలుగు ముక్కలూ చదవండి. ఆ మనిషిని నేనే. అప్పటికి రిటైరై మూడు నెలలు. ముప్పై ఆరేళ్ళు ఆఫీసులో రికార్డులు రాసిన చెయ్యి ఊరుకోక, కనబడినదల్లా డైరీలోకి ఎక్కిస్తున్న రోజులు. మా మయూర్ విహార్ ఫ్లాట్లలో లిఫ్టు ఆగిపోయిన వేళలన్నీ నా దగ్గరున్నాయి, ఎవరికైనా కావాలంటే.

ఆ రోజుల్లో మా అక్కయ్య, బావగారు తెనాలి నుంచి వచ్చారు. బావగారు బడిలో ముప్పై ఏళ్ళు పౌరశాస్త్రం చెప్పారు. రాష్ట్రపతి భవన్ బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు వేశారో గానీ, లోపలి దర్బార్ హాలు ఒక్కసారీ చూడలేదు. పట్టుబట్టి పదకొండు గంటలకు ప్రవేశం సంపాదించాం. సాయంత్రమే వాళ్ళ రైలు. ఆ పూట తప్పితే ఇక లేనట్టే.

పద్ధతి మనిషిని కదా, పది కాకుండానే ఇద్దరినీ రైసీనా కొండ మీద, రాష్ట్రపతి భవన్ గేటు ముందు నిలబెట్టాను. గంటసేపు ఊరికే నిలబడటమెందుకని డైరీ తీశాను. కాపలా ఎంతమంది, ఎప్పుడు మారారు, ఏ రంగు కారు లోపలికి వెళ్ళింది... అంత శ్రద్ధ చూస్తే ఎవరైనా మెచ్చుకోవాలా, వద్దా? మీరే చెప్పండి.

మెచ్చుకోవడానికే అనుకున్నాను, ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చాడు.

"అంకుల్‌జీ, యే క్యా లిఖ్ రహే హో?"

"డైరీ సార్. ఒక్కరోజు కూడా మానను" అన్నాను నా హిందీలో, గర్వంగా.

ఆయనకు తెలుగు రాదు. అంకెలు మాత్రం బాగా అర్థమయ్యాయి. మమ్మల్ని పక్క గదిలో కూర్చోబెట్టి, తెలుగు వచ్చిన హవల్దారును పిలిపించాడు. పలాస మనిషట, గుబురు మీసాలు.

"ఒరే, అందులో ఏం రాశావురా?" అంది అక్కయ్య.

"ఏముంటుందక్కయ్యా, ఎండా వానా."

హవల్దారు గొంతు సవరించుకుని, ఒక్కో వాక్యం తెలుగులో చదివి హిందీలో చెప్పసాగాడు.

"'పది గంటలు. గేటు వద్ద నలుగురు. తెల్లకారు లోపలికి పోయెను. పదీ అయిదు. బావ రైలుకు ఇంకా ఏడు గంటలు.'"

ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేచాడు. "సాత్ ఘంటే? సాత్ ఘంటే మే క్యా హోనేవాలా హై?"

ఏడు గంటల్లో జరగబోయేదేమిటని ఆయన అనుమానం. హవల్దారు పేజీ వెనక్కి తిప్పాడు.

"'నిన్న ఉదయం. ఇంకా ముప్పై నాలుగు గంటలు.' 'మొన్న ఉదయం. ఇంకా యాభై ఎనిమిది.'"

ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఫోను మీదికి వెళ్ళింది. గోడ గడియారం పదీ నలభై అయిదు. దేశద్రోహినవడమా, చెడ్డ బావమరిదినవడమా? తేల్చుకోవడానికి నాకు మూడు క్షణాలు పట్టింది.

"మా బావగారు రైలెక్కుతారు సార్" అన్నాను నేల చూస్తూ. "జరగబోయేది అంతే."

"దానికి ఇంత లెక్కెందుకు?"

జవాబు హవల్దారే వెతికి చదివాడు. "'బావ చాలు చాలంటూనే మరి మూడు పెసరట్లు తినెను. బాత్రూములో నలభై రెండు నిమిషములు. అశోకా రోడ్ క్యాంటీన్ భోజనంలో అయిదవసారి నెయ్యి అడుగగా, వడ్డించువాడు కనబడకుండా పోయెను.'"

"నాలుగుసార్లే" అన్నారు బావగారు, చాలా ప్రశాంతంగా.

హవల్దారు మీసాలు వణికాయి. "సబ్ ఠీక్ హై సార్" అని పైఅధికారికి చెప్పి, నావైపు వంగాడు. "దేశానికేటీ భయం లేదు బాబూ. భయమల్లా మీకే."

ఇన్‌స్పెక్టర్ పగలబడి నవ్వి మమ్మల్ని వదిలేశాడు. డైరీ గేటు దగ్గరే అప్పగించి, పదకొండుకు రెండు నిమిషాల ముందు లోపల పడ్డాం. దర్బార్ హాల్లో బావగారు చేతులు కట్టుకుని, బడిపిల్లాడిలా గుమ్మటం వంక చూస్తూ నిలబడిపోయారు. కళ్ళు తుడుచుకున్నారు కూడా. నేను చూడనట్టు నటించాను.

బయటికొచ్చాక పన్నెండింటికి ఆయన ఎవరితోనో ఫోన్లో మాట్లాడి నా దగ్గరికొచ్చారు.

"ఏమోయ్, పెన్నుందా?"

"ఉంది బావగారూ."

"అయితే రాసుకో. బావ రైలుకు ఇంకా నూట డెబ్భై మూడు గంటలు. టిక్కెట్టు వచ్చేవారానికి మార్పించాను. పార్లమెంటు చూడొద్దూ మరి?"

రైసీనా కొండ సాక్షిగా అక్కడికక్కడే శపథం చేశాను: సర్కారు గేట్ల ముందు డైరీ తెరవను, చుట్టాల గంటలు లెక్కపెట్టను. నా జీవితంలో డైరీలోకి ఎక్కించని శపథం అదొక్కటే.