చెవి మాస్టారు

మా ఆయన్ని ఫ్యాక్టరీలో అందరూ చెవి మాస్టారనేవారు. రాకెట్ పక్కన బిగించే బూస్టర్ గొట్టానికి లోపల రబ్బరు పొర అతికిస్తారు. ఈయన చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టి, పొర ఎక్కడ పట్టలేదో చప్పుడును బట్టి చెప్పేవారు. ఆయన సంతకం పెట్టాకే అందులో ఘన ఇంధనం పోస్తారు. అది ఒకసారి అంటుకుంటే ఇక ఆర్పడమంటూ ఉండదు. పొర లేచిన చోట మంట నేరుగా ఉక్కు గోడకే తగులుతుంది. ముప్పై ఏళ్లలో ఆయన ఒక్కసారీ పొరబడలేదు. ఆ గొప్పంతా ఇంట్లో నా నెత్తిన రుద్దేవారు.

రెండేళ్ల కిందట కుడి చెవి పోయింది. ఎడమది సగమే మిగిలింది.

"కుక్కరు కూతే వినబడదు, సుత్తి చప్పుడేం వింటారు? డాక్టరు దగ్గరికి పదండి" అని పోరాను.

"చేతికి తెలుస్తుందిలేవే" అన్నారు. రిటైర్మెంటు దగ్గర పడింది. నేనూ నోరు మూసుకున్నాను. పైగా స్నేహితులు ఇంటికొస్తే పక్కనే కూర్చుని, వాళ్ల మాటలు ఏదో వంకతో మళ్లీ చెప్పి కప్పిపుచ్చేదాన్ని. సిగ్గులేనిదాన్ని.

ఈమధ్య ఆయన సంతకం పెట్టిన గొట్టంతో ఎగిరిన రాకెట్ ఒకటి, లేచిన కాసేపటికే బూస్టర్ పక్కగోడ కాలిపోయి ముక్కలైంది. పొర ఊడిందని విచారణలో తేలింది. చెవి మాస్టారు తట్టి చూసినప్పుడు బాగానే ఉంది కాబట్టి, తప్పు జిగురుదేనన్నారు. జిగురు పూసిన అమ్మాయిని పనిలోంచి తీసేశారు. ఈయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు.

మూడు రోజులు ఆయనకు తిండి సయించలేదు. నాలుగో రోజు పొద్దున్నే ఇద్దరం ఆ అమ్మాయి గదికి వెళ్లాం. ఆమె కుర్చీ లాక్కుని ఆయనకు ఎడమవైపే కూర్చుంది.

"అమ్మా, నాకు చెవి..." అని ఆయన ఆగిపోయారు.

"తెలుసు మాస్టారూ" అంది గట్టిగా, నిదానంగా. "రెండేళ్లుగా మీకు ఈ పక్కనే నిలబడి మాట్లాడుతున్నాగా."

నాకు తల కొట్టేసినట్టయింది. "మరి వాళ్లకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"మీరే చెబుతారనుకున్నా."

అక్కణ్ణుంచి తిన్నగా విచారణ జరిపినవాళ్ల గదికి వెళ్లాం. పెద్దాఫీసరు తలెత్తి ఏదో అడిగాడు. అలవాటుగా ఈయన నావైపు చూశారు. నేను నేల చూపులు చూస్తూ ఊరుకున్నాను.

"నాకు వినబడదండీ" అన్నారు మా ఆయన. "ఆ గొట్టం తట్టిన రోజు కూడా వినబడలేదు."