సముద్రం మా గదిలోకి వచ్చిన మధ్యాహ్నం

ఆ సినిమా సీడీ కోదాడలో నాతో పాటు పాఠాలు చెప్పే ఆవిడ ఇచ్చింది. రెండు వేల తొమ్మిది అనుకుంటాను, మంచి ఎండాకాలం. సూర్యాపేటలో మా ఇంట్లో తలుపులు దగ్గరికేసి, కూలర్ పెట్టుకుని చూశాం, అమ్మా తమ్ముడూ నేనూ. ఆఫ్రికా కుర్రాళ్లు ఎడారీ సముద్రమూ దాటి యూరప్ పోవాలని బయలుదేరే కథ. నా నోరు ఊరుకోదు కదా, తెర అడుగున పడే ఇంగ్లీషు మాటలు చదివి చెప్పబోయాను.

"నువ్వు జర ఊకో. నాకు సమజైతనే ఉన్నది," అని కసిరింది అమ్మ.

అమ్మది గొర్రెల కాపరుల ఇల్లు. చిన్నప్పుడు తుంగతుర్తి నుంచి మంద వెంట కృష్ణ ఒడ్డు దాకా నడిచిన మనిషి. తెర మీద ఇసుకలో ఒకడు వెనకబడితే, "అయ్యో, ఆగుండ్రి, వాన్ని కూడ రానియ్యుండ్రి," అని వాళ్లనే బతిమాలింది. కూలర్ హోరుకు నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. తెర మీద వాళ్ల పడవ సముద్రంలోకి వచ్చేసరికి గది మెల్లగా నీలంగా అయిపోయింది. మా మంచం నీళ్ల మీద ఊగుతున్నట్టే ఉంది, హాయిగా కూడా ఉంది. ఇంతలో ఆ పడవలోని వాళ్లు చనిపోయిన ఒక పిల్లాణ్ని దుప్పటిలో చుట్టి నీళ్లలోకి వదిలారు.

"వీళ్లు పడవ ఎక్కింది లిబియాలనేనా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"అవును. నీకెందుకురా?"

వాడు తెర మీది పడవనే చూస్తున్నాడు. నా మత్తంతా దిగిపోయింది.

ఆ సాయంత్రమే వాడి ప్రయాణం. మిర్యాలగూడలో ఎవరో ఏజెంటు దుబాయిలో పని చూశాడన్నాడు, అంతే. మా ఇళ్లల్లో బయలుదేరేవాణ్ని ఎక్కడికని అడగరు. మంద తోలుకుపోయేవాళ్లనైనా అంతే, అడిగితే దారి కలిసిరాదంటారు. వాడు చెప్పిందే విని ఊరుకున్నాం.

అమ్మ సినిమా ఆపమంది. వాడి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎటు పోతున్నవ్ బిడ్డా?"

ఆమె నోట ఆ మాట నేనెన్నడూ వినలేదు. వాడు తలెత్తలేదు.

"మేమెక్కే పడవ పెద్దదేనంట అమ్మా," అన్నాడు.

అమ్మ వాడి చొక్కా రెండు చేతులతో పట్టుకుంది. వాడెక్కాల్సిన హైదరాబాదు బస్సు వెళ్లిపోయినా వదల్లేదు.